నిప్పుల లోయ, వాగులో చెలమ

ఇప్పచెట్లు గుబురుగా పెరిగిన ఆ అడవిని ఇప్పలకోన అనేవారు. అందులో దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు, నెమళ్లు, కొండముచ్చులు ఒకదాని పక్కన ఒకటి బతికేవి. రేగడి అనే ఆడ అలుగు కూడా అక్కడే ఉండేది. దాని ఒంటినిండా పొలుసులు, కాళ్లకు గట్టి గోళ్లు. చీమల పుట్టలు తవ్వుకుని పొట్ట పోసుకునేది. దాని పిల్ల బుడ్డి ఎప్పుడూ తల్లి తోక మీదెక్కి ఊరేగుతూ ఉండేది.

ఆ అడవిలో పెద్దలు చెప్పిన మాట ఒకటి ఉంది. ‘దాహంతో వచ్చినవాణ్ణి తరిమితే, చచ్చాక నిప్పుల లోయలో నీళ్ల కోసం తిరుగుతావు.’

ఆ మాట అందరూ విన్నారు. అందరికీ ఒకేలా వినబడలేదు.

నిదానమ్మ అనే ముసలి తాబేలు ఆ మాటను గట్టిగా నమ్మింది. పొద్దుగూకితే చాలు, ‘ఇవాళ నేనెవరినైనా కసిరానా?’ అని తనను తాను అడుక్కునేది.

రేగడి నమ్మలేదు. “పోయినవాళ్లెవరూ తిరిగొచ్చి చెప్పలేదు. లోయ సంగతి నాకు తెలీదు. దాహం సంగతి తెలుసు,” అనేది.

కొండముచ్చుల పెద్ద బూడిదయ్య కూడా ఆ మాటను నమ్మాడు. కానీ ఎప్పుడు తలుచుకున్నా, ఆ లోయకు ఎవరెవరు పోతారో వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేవాడు. ఆ లెక్కలో తను మాత్రం ఉండేవాడు కాదు.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. ఎండాకాలం వచ్చేసరికి రాళ్లవాగు ఇసకదిబ్బ అయిపోయింది. గుంటలన్నీ ఎండిపోయాయి. నీలిమడుగులో మాత్రం కాసిని నీళ్లు మిగిలాయి. మడుగు మీదికి వంగిన మద్దిచెట్టు కొమ్మ మీద బూడిదయ్య తన మందతో కూర్చున్నాడు.

“నమ్మనివాళ్లు మనలో ఉండబట్టే వాన రాలేదు,” అన్నాడు బూడిదయ్య. “ఈ రోజు నుంచి ‘నిప్పుల లోయ ఉంది, నేను నమ్ముతున్నాను’ అన్నవాళ్లకే నీళ్లు.”

దుప్పులు అన్నాయి, తాగాయి. కుందేళ్లు అన్నాయి, తాగాయి. కొందరు మనసారా అన్నారు. కొందరు గొంతు తడుపుకోవడానికి అన్నారు.

రేగడి వంతు వచ్చింది. బుడ్డి తోక మీద వాలిపోయి ఉంది. దాని నాలుక పిడచగట్టుకుపోయింది.

“మాట అను,” అన్నాడు బూడిదయ్య.

“ఆ మాట నా మనసులో లేదు తాతా. నోట్లోకి ఎక్కడినుంచి తేను?”

పక్కనున్న దుప్పి గొంతు తగ్గించి, “అనేయరాదా రేగడీ! మేమంతా అనలేదా? నోటిమాటకు పోయేదేముంది?” అంది.

“నీకు పోదేమో. నాకు పోతుంది.”

బూడిదయ్య కోపంతో కొమ్మ ఊపాడు. “చచ్చాక తెలుస్తుంది నీకు!”

“చచ్చాక సంగతి చచ్చాకే చూసుకుంటాను. బతికుండగా నా పిల్లకు నీళ్లివ్వు.”

“ముందు మాట. తర్వాతే నీళ్లు.”

రేగడి వెనక్కి తిరిగి బుడ్డిని చూసింది. ఒక్క అబద్ధం ఆడితే చాలు, పిల్ల గొంతు తడుస్తుంది. కానీ రేపు మళ్లీ ఆడాలి. ఎల్లుండీ ఆడాలి. ఇక ఊహ తెలిశాక బుడ్డికీ అదే అబద్ధం నేర్పాలి. నీళ్ల కోసం తల వంచడం ఒకసారి అలవాటైతే, ఆ పిల్ల జన్మలో తల ఎత్తదు.

“నీ నీళ్లు నువ్వే ఉంచుకో,” అని రేగడి తిరిగి నడిచింది.

“అలుగు కదా, అలిగిపోతోంది!” అని కొండముచ్చులు కిచకిచలాడాయి. అది అలక కాదు. కానీ వాటికి ఎవరు చెప్పగలరు?

అప్పటికి నిదానమ్మ నీళ్ల అంచుకు చేరింది. అది మాట అనేసింది, మనసారానే అంది. తాగడానికి మెడ చాచింది కూడా. కానీ తోక మీద పిల్లతో వెళ్లిపోతున్న రేగడి దాని కంట పడింది. నిదానమ్మ చాచిన మెడను వెనక్కి లాక్కుంది. చుక్కైనా తాగకుండా రేగడి వెంట మెల్లగా కదిలింది.

“నువ్వెందుకు పెద్దమ్మా? నువ్వు నమ్మినదానివేగా!” అంది రేగడి.

“నమ్మాను కాబట్టే వస్తున్నాను. పిల్లను తరిమినచోట నేనెలా తాగను?”

ఇద్దరూ రాళ్లవాగు దగ్గరికి వచ్చారు. ఇసక మండిపోతోంది. రేగడి బుడ్డిని గట్టు నీడన దింపి తవ్వడం మొదలుపెట్టింది. మొదటి గుంటలో బండ తగిలింది. దాన్ని వదిలేసి ఇంకోచోట తవ్వింది. తవ్విన ఇసక తవ్వినట్టే జారిపడుతుంటే, నిదానమ్మ తన డిప్పతో దాన్ని పక్కకు నెట్టింది.

“నీళ్లు పడతాయే. నాకు నమ్మకం ఉంది,” అంది నిదానమ్మ.

“నాకు లేదు. అయినా తవ్వుతాను,” అంది రేగడి.

ఎండ వాలేదాకా తవ్వింది. గోళ్లు చిట్లి నెత్తురు కారింది. చివరికి ఇసక చల్లగా తగిలింది. ఇంకాస్త తవ్వితే తడిగా తగిలింది. అడుగున ఊట కళ్లు తెరిచినట్టు మెరిసి, చెలమలోకి నీళ్లు ఊరాయి.

రేగడి పరుగున వెళ్లి బుడ్డిని తెచ్చి దింపింది. బుడ్డి తన పొడుగాటి నాలుకతో నీళ్లు జుర్రుకుంది. కాసేపటికి తల ఎత్తి తల్లిని చూసి తుమ్మింది. రేగడికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

“చూశావా, దేవుడిచ్చాడు!” అంది నిదానమ్మ.

“ఈ గోళ్లు ఇచ్చాయి పెద్దమ్మా. చూడు, ఎలా చిట్లిపోయాయో.”

“మరి ఆ గోళ్లు ఎవరిచ్చారు?”

“మా అమ్మ.”

నిదానమ్మ నవ్వింది. ఇద్దరూ తలలు ఆనించి ఒకే చెలమలో తాగారు.

మర్నాటికి సంగతి అడవంతా పాకింది. మాట అనలేక దాహంతో పడి ఉన్న ముళ్లపందులు వచ్చాయి. మాట అని, ఆ తర్వాత సిగ్గుపడినవాళ్లూ వచ్చారు. ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. రేగడి ఇంకో చెలమ తవ్వింది.

అది విని బూడిదయ్య గంతులేసుకుంటూ గట్టు మీదికి వచ్చాడు.

“నమ్మనిదాని చేతి నీళ్లు ఇవి! తాగినవాళ్లంతా నిప్పుల లోయకే!” అని అరిచాడు.

దుప్పులు బెదిరి వెనక్కి తగ్గాయి. అప్పుడు నిదానమ్మ గట్టెక్కి అతని ముందు నిలబడింది.

“లోయ సంగతి నాకు చెప్పకు బూడిదయ్యా. నీకంటే ముందు నుంచీ భయపడుతున్నదాన్ని. పెద్దలు ‘నమ్మనివాడు’ అన్నారా, ‘తరిమినవాడు’ అన్నారా? ఇన్ని వేళ్లు మడిచావు కదా, ఒక్క వేలు నీకోసం మడిచావా?”

బూడిదయ్య విసురుగా తిరిగి వెళ్లిపోయాడు.

దుప్పులు ముందుకొచ్చి తాగాయి.

ఎండలు ఇంకా ముదిరాయి. నీలిమడుగు పైనుంచి ఎండుతూ బురదై, బురద కాస్తా నెర్రెలు విచ్చింది. కొండముచ్చులు ఒక్కొక్కటే చెట్టు దిగి వాగు దారి పట్టాయి. బూడిదయ్య ఒక్కడే కొమ్మ పట్టుకుని కూర్చున్నాడు. నమ్మినవాడికి వాన వస్తుందని ఆకాశం కేసి చూశాడు. రాలేదు.

చివరికి అతనూ దిగాడు. తూలుతూ చెలమ దగ్గరికి వచ్చి, కాస్త ఎడంగా నిలబడ్డాడు.

ఒక ముళ్లపంది ముళ్లు నిక్కించి అడ్డం వచ్చింది. “ఇప్పుడు మా వంతు! ‘నిప్పుల లోయ లేదు’ అను. అని తాగు.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బూడిదయ్య పెదవులు పగిలిపోయి ఉన్నాయి. నీళ్ల కేసి చూశాడు. నోరు కదిపాడు. కానీ ఆ మాట అనలేకపోయాడు. తల అడ్డంగా ఊపి, వచ్చినదారినే తిరిగాడు. రెండడుగులు వేసి కూలబడ్డాడు.

రేగడికి నవ్వు రాలేదు. అతను చేసిందంతా దానికి గుర్తుంది. అయినా మనసులో లేని మాట అనలేక వెనుదిరిగిన ఆ నడక ఎలా ఉంటుందో దానికి తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు.

“తప్పుకో,” అంది ముళ్లపందితో.

“వీడు నీ పిల్లను చంపబోయాడు!”

“చంపబోయాడు. ఆ పాపం అతనిది. నా చెలమ దగ్గర మాత్రం ఎవరూ మాట పలికి నీళ్లు కొనుక్కోరు. నమ్మినవాడైనా సరే, నమ్మనివాడైనా సరే. తప్పుకుంటావా, తోకతో ఒక్కటి ఇచ్చుకోనా?”

ముళ్లపంది ముళ్లు దించి తప్పుకుంది. నిదానమ్మ బూడిదయ్యను డిప్పతో నెట్టుకుంటూ చెలమ దాకా తెచ్చింది. అతను మోకాళ్ల మీద వంగి తాగాడు. ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

కొన్నాళ్లకు వానలు పడ్డాయి. నీలిమడుగు నిండింది. బూడిదయ్య మళ్లీ మద్దికొమ్మ ఎక్కాడు. కానీ కింద నిలబడి వినేవాళ్లు లేరు. లోయను నమ్మినవాళ్లు నిదానమ్మ దగ్గరికి పోయి కూర్చునేవారు. నమ్మనివాళ్లూ అక్కడికే వచ్చి వాదించేవారు. రేగడి అందరికంటే గట్టిగా వాదించేది. దాని తోక మీద బుడ్డి తల పైకెత్తి వింటూ ఉండేది.

నీతి: పరలోకం గురించిన హెచ్చరిక ఎవరికి వారు చూసుకోవాల్సిన అద్దం, ఎదుటివాణ్ణి కొట్టే కర్ర కాదు. భయపెట్టి పలికించిన మాట భక్తి కాదు. దాహం తీర్చడానికి నమ్మకంతో పని లేదు.