నీవారాంబ యాగాశ్వాన్ని వేలం వేయుట

పూర్వం, దేవతలు మనుషుల యజ్ఞవాటికలకు పిలిచిన చుట్టాల్లా వచ్చి, హవిస్సులు ఆరగించి, దీవించి వెళ్తూ ఉండిన యుగంలో, పృథులానదీ తీరాన మణిశృంగపురాన్ని రాజధానిగా చేసుకుని, ఉదగ్రవర్మ అనే సార్వభౌముడు, శత్రురాజుల కిరీటరత్నకాంతులు పాదపీఠం మీద పడుతుండగా, భూమండలాన్ని ఏలుతూ ఉండేవాడు. ఆ రాజేంద్రుడు తొంభైతొమ్మిది అశ్వమేధాలు నిర్విఘ్నంగా ముగించి నూరోదానికి దీక్ష పట్టాడు. నూరూ నిండితే ఇంద్రపదవి అతనిదే. అందుచేత స్వర్గంలో పురందరుడు ఆ ఏడాదంతా అమృతం తాగినా గొంతు దిగక, సింహాసనం మీద ఒక అంచున కూర్చుని కాలం గడుపుతున్నాడు.

యాగాశ్వం దేశాలమీద తిరుగుతుండగా ఇక్కడ అన్నసంతర్పణ సాగింది. ఎన్ని గాదెలు ఊడ్చినా గాడిపొయ్యిల ఆకలి తీరలేదు. అప్పుడు చక్రవర్తి స్వయంగా రథమెక్కి కేదారవాటిక అనే పల్లెకు వెళ్లాడు. అక్కడ నీవారాంబ అనే వృద్ధురాలు విత్తనాల పాతరకు కాపలాదారు. చుట్టుపక్కల రైతులు నూర్పిళ్లు కాగానే మేలైన వెన్నులు ఏరి, ఎండబెట్టి, వేపాకు కలిపి ఆమెకు అప్పగించేవారు. ఆమె నేలలో తవ్విన ఆ పాతరలో పోసి, తడి తగలకుండా కాచి, ఏరువాక వేళకు ఎవరిది వాళ్లకు కొలిచి ఇచ్చేది. మాట తక్కువ మనిషి, చూపు ఎక్కువ మనిషి.

"తల్లీ, అతిథులు విస్తళ్ల ముందు కూర్చున్నారు. నీ పాతర తెరువు. మృగశిర కార్తె రాకముందే కొలతకు కొలత తిరిగి పోస్తాను" అని రాజు దోసిట నీళ్లు తీసుకుని నేలమీద వదిలి మాట ఇచ్చాడు.

"విత్తనం తినేది కాదు మారాజా" అన్నది నీవారాంబ. కానీ ఆకుముందు కూర్చున్నవాణ్ణి లేపడం ఆమె వంశంలో లేదు. నిట్టూర్చి మూత తీసింది.

రోహిణి ఎండలు మండాయి. ఏ ఊళ్లోనూ గింజ అన్నది యాగశాల రోలు దాటి మిగల్లేదు. నీవారాంబ రాజధానికి కాళ్లరిగేలా తిరిగింది. రాజదర్శనం కాలేదు. పురోహితుడైన వర్చసుడు మాత్రం ప్రతిసారీ చిరునవ్వుతో, "యాగం ముగియనీ అవ్వా, ఒకటికి పది ఇప్పిస్తాం" అనేవాడు.

"యాగం ముగిసేనాటికి అదను దాటిపోతుంది అయ్యవారూ."

"చక్రవర్తికి ఇంద్రపదవి వస్తుంటే నీకు అదను గోలా?"

నీవారాంబ వెనుదిరిగింది. దారిలో ఒక కానుగ మండ విరుచుకుని ఇంటికి వెళ్లింది.

ఆ దేశంలో ధర్మదేవత కట్టిన కట్టుబాటు ఒకటి ఉంది. ఇచ్చినవాడు పుచ్చుకున్నవాడి చుట్టూ పచ్చిమండతో గీత గీస్తే, బాకీ తీరేదాకా వాడు ఆ ఋణరేఖ దాటరాదు. గీత లోపల ఉన్న సొత్తును పదిమంది ఎదుట వేలం వేసి ఇచ్చినవాడు తన బాకీ రాబట్టుకోవచ్చు. పొద్దు గుంకేలోగా బాకీ తీరితే వేలం చెల్లదు. వేలం పాడి చెల్లించలేనివాడు కూడా ఆ గీతలోకే రావాలి. కాదని దాటితే, దేవుడైనా మనిషైనా, సంపాదించిన పుణ్యమంతా నీళ్లలో ఉప్పులా కరిగిపోతుంది.

మృగశిర ప్రవేశానికి ముందునాడు యాగాశ్వం దిగ్విజయం ముగించుకుని తిరిగి వచ్చింది. భేరీలు మోగాయి, వీధులు పూలతో నిండాయి. పాలనురుగులాంటి మేను, నల్లని చెవి గల ఆ హయరత్నం నగరద్వారం చేరగానే, ఉదగ్రవర్మ వెల్లగొడుగు నీడన ఎదురేగి, స్వహస్తాలతో దండ వేయబోయాడు. సరిగ్గా ఆ క్షణంలో, జనం కాళ్ల సందుల్లోంచి దూరి, వంగిన నడుము వంగినట్టే, పచ్చిమండతో మట్టిమీద గీత లాగుకుంటూ నీవారాంబ రాజునూ గుర్రాన్నీ గొడుగునూ చుట్టేసింది!

భటులు కత్తులు దూశారు. భేరీలు ఆగిపోయాయి. ఆమె మండ మాత్రం వదల్లేదు.

"ఎవతెవే నువ్వు? రాజు చుట్టూ గీతా?" అని సేనాపతి గర్జించాడు.

"రాజు చుట్టూ కాదు నాయనా. బాకీదారు చుట్టూ."

చక్రవర్తి ముఖం కందిపోయింది. కుడిపాదం ఎత్తాడు. పాదం గీతమీద గాలిలో నిలిచింది. ఆ ముసలిదాని ముఖం చూశాడు, తాను నీళ్లు వదిలిన పాతర గడప గుర్తుకొచ్చింది. మెల్లగా పాదం వెనక్కి దించాడు.

"కత్తులు ఒరల్లో పెట్టండి. అవ్వా, ఇక్కడున్నది నీ సొత్తు. వేలం వేసుకో" అన్నాడు.

నీవారాంబ వెంట వచ్చిన ఆ పల్లె తప్పెటగాడు తుంగుడు గొంతు సవరించుకున్నాడు. "వినండహో! ఏలినవారి వెల్లగొడుగు! ఎండకు పనికొస్తుంది, వానకు పనికిరాదు. వాన వచ్చినా మనకు విత్తనాలు లేవు గనుక ఎండకు కొనుక్కోవడమే మేలు!"

జనం నవ్వబోయి, రాజు వైపు చూసి మింగేశారు.

"పాడవయ్యా!" అని తుంగుడు ఒక ముసలి రైతును గదిమాడు.

"గొడుగేం చేసుకోను? మా ఎద్దుకు పట్టనా?" అన్నాడు రైతు. "అయినా అవ్వ అడిగేది విత్తనం. అదే ఉంటే నేను ఇక్కడెందుకుంటాను, పొలంలో ఉండేవాణ్ణి."

ఇంతలో జనం రెండు పాయలుగా చీలి దారి ఇచ్చారు. ఆజానుబాహువు, పట్టుతలపాగా, మెడలో పారిజాతాల దండ గల ఒక సార్థవాహుడు ముందుకు వచ్చాడు. నీవారాంబ అతణ్ణి ఆపాదమస్తకం చూసింది. మండుటెండలో నుదుట చెమట చుక్క లేదు. దండలో ఒక రేకైనా వాడలేదు. అంత దుమ్ములో నడిచివచ్చినా పాదాలకు ధూళి అంటలేదు.

"ఏ దేశం శెట్టీ?"

"ఉత్తరాది వాణ్ణి తల్లీ."

"చెమట పట్టని దేశమన్నమాట. పాడు."

"గుర్రాన్ని నాకివ్వు. దాని ఎత్తు బంగారం పోస్తాను!"

వర్చసుడు గీత అవతలినుంచి గోలపెట్టాడు: "అమ్మవద్దు, అమ్మవద్దు! గుర్రం పోతే యాగం పోతుంది!" ఉదగ్రవర్మ చెయ్యి ఎత్తి అతణ్ణి ఆపాడు.

నీవారాంబ అడిగింది: "బంగారం నాటితే మొలుస్తుందా?"

"మొలవదు."

"మరి నాకెందుకు? నా పాతర నిండా విత్తనం. అదీ పాట."

సార్థవాహుడికి గుర్రం కళ్లెం తప్ప మరేమీ కనిపించడం లేదు. "పాతర నిండానా! నీ ఇంటి కప్పు తాకేదాకా పోస్తాను!" అన్నాడు.

"ఒకటో మాట!" తుంగుడి తప్పెట దద్దరిల్లింది. "రెండో మాట! ఇంకెవరూ లేరా? మూడో మాట!" జనం హోరెత్తారు. సార్థవాహుడు ఎగిరి కళ్లెం పట్టుకున్నాడు.

"ఉండు శెట్టీ. విత్తనం?"

అతడు నవ్వి, కన్నులు మూసి, మనసులో కల్పవృక్షాన్ని తలచాడు. ఆకాశంనుంచి జలజలా రాలాయి ముత్యాలు, మణులు, ఘుమఘుమలాడే ఫలాలు. నీవారాంబ ఒక పండు తీసి చీల్చింది. గుజ్జు తప్ప లోపల టెంక లేదు. ఇంకొకటి చీల్చింది. లేదు.

"మీ ఊళ్లో ఎవరూ విత్తరా?"

"కోరగానే వస్తుంటే విత్తడమెందుకు?" అన్నాడతడు. ఆ మాట నోటినుంచి వెలువడగానే, తాను ఏం పాడాడో అతనికి తెలిసింది. కళ్లెం వదిలేశాడు. వెనక్కి తిరిగాడు.

అప్పటికే పచ్చిమండ మట్టిమీద సర్రుమంటూ తిరిగి, అతణ్ణి కూడా గీతలో కలిపేసింది!

ఋణరేఖ తగలగానే మారువేషం పొట్టులా ఊడిపోయింది. వేయి కన్నులు, వజ్రాయుధం, మేఘాలనంటే కిరీటం! సాక్షాత్తూ శచీపతి, పాకశాసనుడు, ముల్లోకాల ఏలిక గీతలో నిలబడి ఉన్నాడు. జనం సాష్టాంగపడ్డారు. నీవారాంబ కూడా కూలబడి, కూలబడ్డచోటినుంచే రెండు చేతులూ జోడించింది. గీత చెరపలేదు.

"అవ్వా, నేను దేవేంద్రుణ్ణి!"

"కనిపిస్తూనే ఉంది స్వామీ. విత్తనం కనిపించడం లేదు."

ఇంద్రుడు గీత దాటితే ఇంద్రత్వం కరిగిపోతుంది; రాజు దాటితే తొంభైతొమ్మిది యాగాలు కరిగిపోతాయి. ఇద్దరూ ఒకరి భుజం ఒకరికి తగులుతూ నిలబడ్డారు.

"నీ పదవి దాహం వల్ల వచ్చింది ఇదంతా!" అన్నాడు మహేంద్రుడు.

"నా గుర్రాన్ని పాడింది ఎవరు?" అన్నాడు ఉదగ్రవర్మ.

"బంగారం తీసుకునే మనిషి అనుకున్నాను!"

"నేనూ అలాగే అనుకున్నాను!"

"అయ్యలూ, తన్నుకోకండి. గీత తొక్కితే ఇద్దరి పుణ్యమూ పోతుంది. కుదురుగా నిలబడండి" అన్నది నీవారాంబ.

పైన కొండంత నల్లమబ్బులు పోగయ్యాయి. ఆజ్ఞ ఇచ్చేవాడు గీతలో ఉండటంతో అవి అక్కడే గడ్డకట్టినట్టు ఆగిపోయాయి. ఐరావతం మబ్బులోంచి తొండం చాచి ఘీంకరించింది. వాయుదేవుడు స్వామి కోసం సప్తద్వీపాల్లో విత్తనాలు వెతికి, సుడి తిరుగుతూ వచ్చి, మూట విప్పి కుమ్మరించాడు. అంతా పొట్టే! "ఎక్కడ చూసినా ఇదే దొరికింది ప్రభూ" అని తల దించుకున్నాడు. అది చూసి తుంగుడు ఆపుకోలేక పక్కున నవ్వాడు. వెంటనే తప్పెటను ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

పొద్దు పడమటికి వాలింది. కోట బయట చేలగట్ల మీద రైతులు ఎద్దులకు కాడి కట్టి, భుజాన ఖాళీ విత్తనపు సంచులు వేసుకుని, మబ్బుల వైపు, గీత వైపు మార్చిమార్చి చూస్తున్నారు.

ఉదగ్రవర్మ అడిగాడు: "అవ్వా, పొద్దు గుంకేలోగా విత్తనం రాకపోతే ఏమవుతుంది?"

"నీకేమీ కాదు మారాజా. గీతలో ఉంటావు. మాకు తొలివాన నేలమీద ఊరికే పారిపోతుంది. పదును ఆరిపోతుంది. దుంపలు తవ్వుకుని కొన్నాళ్లు తింటారు. తర్వాత ఒక్కొక్క ఇల్లూ తలుపు దగ్గరికేసి వెళ్లిపోతుంది." ఆమె చేలగట్ల వైపు చూసింది. "వాళ్లు దాచుకోమని నా చేతికిచ్చారు. నేను నీకిచ్చాను. వెళ్లేవాళ్ల ముఖం నేనెట్లా చూడను?"

చక్రవర్తి కూడా ఆ ఖాళీ సంచుల వైపు చూశాడు. తర్వాత పురోహితుడి వైపు తిరిగి, "వర్చసా! పూర్ణాహుతి కోసం బంగారు తొట్టెల్లో పోయించిన వడ్లు దంచారా?" అన్నాడు.

పురోహితుడు అదిరిపడ్డాడు. "లేదు ప్రభూ, పొట్టు తీయని ధాన్యమే ఉండాలని విధి. కానీ అది సంకల్పించిన ద్రవ్యం! దాన్ని ఇంకొక పనికి వాడితే ఈ యాగం భంగమైనట్టే. మళ్లీ దీక్ష పట్టేందుకు మీకు ఆయుర్దాయం చాలదు. ఇంద్రపదవి..."

"తీసుకురా."

"మహారాజా!"

"తీసుకురమ్మన్నాను! అదీ అప్పు తెచ్చిన గింజే. అవ్వ సొత్తును అగ్నిలో పోసి నేను దేవుణ్ణి కావాలా?"

ఆ కేకకు భటులు పరుగెత్తారు. ఏనుగులు, బళ్లు, మనుషులు యాగశాల వైపు ఉరికారు. సూర్యబింబం కొండ అంచు తాకుతుండగా ధాన్యపు బళ్లు కడకడమంటూ వచ్చి గీత పక్కన ఆగాయి. నీవారాంబ ఒక గింజ తీసి పళ్లమధ్య పెట్టి కొరికింది. ఫట్టుమన్నది.

"మాదే. ఎండు చెడలేదు" అన్నది, అప్పుడు ఆమె కన్నులు నిండాయి.

రైతులు గోనెలు పట్టారు, ఆమె కుంచంతో కొలిచింది, తుంగుడు కొలతకొక దెబ్బ వేశాడు. చివరి కుంచం తలకొట్టి పోయగానే ఆమె కాలితో గీతను చెరిపేసింది. సూర్యుడు అప్పుడు దిగాడు. బాకీ తీరింది, వేలం చెల్లలేదు, గుర్రం రాజుదే అయింది. యాగం మాత్రం పోయింది.

ఇంద్రుడు కదల్లేదు. ఉదగ్రవర్మతో అన్నాడు: "రాజా, నీ చేతిలో నా సింహాసనం పోతుందని ఏడాదిగా వణికాను. నువ్వే దాన్ని వదిలి, నన్ను కూడా విడిపించావు. ఎందుకని?"

"నీ పక్కన ఇంతసేపు నిలబడ్డాక, నీ కొలువు ఎట్లా ఉంటుందో కొంత తెలిసింది దేవరాజా. నాకు వద్దు" అన్నాడు రాజు.

సహస్రాక్షుడు ఫెళ్లున నవ్వాడు. ఆ నవ్వుకే మబ్బు చిట్లింది. ఉరుములు, మెరుపులు, చినుకు, జల్లు, కుండపోత! జనం కేకలు వేస్తూ తడిశారు. ఇంద్రుడు ఆ వానలో నిలబడి, "ఈ విత్తనం పడిన ప్రతి చాలూ నాకు హోమగుండమే. మొలిచిన ప్రతి మొలకా నాకు హవిస్సే. ఉదగ్రవర్మా, నీ నూరో యాగం పూర్ణమైందని ముల్లోకాల ఎదుట చెబుతున్నాను. తల్లీ నీవారాంబా, వరం కోరుకో" అన్నాడు.

నీవారాంబ కొంగు పిండుకుంటూ ఆలోచించింది. "బాకీ కింద గీత గీసినప్పుడు విత్తనం, నాగలి, కాడెద్దు, పాలిచ్చే ఆవు గీతలో ఉన్నా వేలానికి రాకూడదు. అదీ వరం."

"అప్పు ఇచ్చినదానివి నువ్వు. తీసుకున్నవాడి తరఫున అడుగుతావేం?"

"ఇవాళ గుర్రాన్ని పట్టాను స్వామీ, ఎవరికీ అన్నం చెడలేదు. రేపు ఎవడో ఒక బక్కరైతు చుట్టూ గీత గీసి నాగలి పడతాడు. వాడు ఆ బాకీ దేనితో తీరుస్తాడు?"

"తథాస్తు!" అన్నాడు దేవేంద్రుడు. ఆ మాటను ఉదగ్రవర్మ శిలమీద చెక్కించి నగరద్వారంలో నిలిపాడు. ధర్మదేవత సంతోషించింది. మబ్బులు తమ వేళకు రావడం, దేవతలు తమ భాగం తాము తినడం, రాజులు ఇచ్చిన మాట ఇచ్చిన రోజుకు తీర్చడం మళ్లీ మొదలయ్యాయి.

నాగలి పూజించేనాడు ఈ కథను భక్తితో చెప్పుకున్నవారి పాతరకు పురుగు పట్టదనీ, విన్నవారి ఇంటిముందు ఎవరూ తప్పెట కొట్టరనీ పెద్దలు చెబుతారు. నీవారాంబ మాత్రం ఆ సాయంత్రం ఫలశ్రుతి వినడానికి ఆగలేదు. ఇంద్రుడు ఇంకా ఆశీర్వదిస్తూ ఉండగానే, "పదండర్రా, పదును ఆరిపోతుంది" అని రైతులను తోలుకుంటూ వానలో పొలాల వైపు వెళ్లిపోయింది.