రాజుగారి ఐదు, దిగువపాడు వారి ఆరు

ఎప్పటి మాటో ఏమో, ఒకానొక రాజ్యాన్ని ధర్మకేసరి అనే రాజు ఏలేవాడు. ఆ పేరు కన్నవాళ్ళు పెట్టింది కాదు, తనకు తానే తగిలించుకున్నది. మనిషి ఎలాంటివాడో చెప్పడానికి ఇది చాలు.

అక్కడ ఒక ఆచారం ఉండేది. ఏటా ఏరువాక ముందు కాలువ తూము ఎత్తేటప్పుడు, మొదటి నీళ్ళు రాచపొలాలకా, కాలువ చివరనున్న దిగువపాడుకా అన్నది పాచికలు తేల్చాలి. మొదటి నీళ్ళు దక్కినవారికి పంట, రెండోవారికి మిగిలిన బురద. రెండు పాచికలు వేసి, వాటి మీది చుక్కలు కూడతారు. కూడితే ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది వస్తే గెలుపు రాజుది. రెండు, మూడు, నాలుగు, పది, పదకొండు, పన్నెండు వస్తే దిగువపాడుది.

"మాకు ఐదే సంఖ్యలు, మీకు ఆరు! ఇంతకన్నా ధర్మం ఏ రాజ్యంలోనైనా ఉందా?" అని రాజు మీసం దువ్వేవాడు. మోసం చేస్తున్నానని ఆయనకు తెలియదు. తాను నిజంగానే దానకర్ణుణ్ణని నమ్మాడు, చిక్కంతా అక్కడే వచ్చింది.

పాచికలు వేసేవాడు కొమ్మన. ఆస్థానంలో నవ్వించేవాడూ అతడే, కోటలోని పిల్లలకు చదువు చెప్పేవాడూ అతడే. దిగువపాడు ఏ రెండు మూడేళ్ళకో ఒకసారి గెలిచేది. ఓడినప్పుడల్లా కొమ్మన ఒక చమత్కారం విసిరేవాడు. కిందటేడు ఆ ఊరి పెద్దరైతు తిప్పన్న ఓడి నిలబడితే, "ఆరు సంఖ్యలిచ్చినా అందుకోలేకపోయావంటే, పోయిన జన్మలో ఎవరి కాలువకో గండి కొట్టి ఉంటావు తిప్పన్నా!" అన్నాడు. సభ గొల్లుమంది. తిప్పన్న కూడా నవ్వి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఎడ్లను అమ్ముకుని, ముసలి తండ్రిని బండెక్కించుకుని ఊరే విడిచిపోయాడని తెలిసినా కొమ్మన పెద్దగా పట్టించుకోలేదు.

ఈ ఏడాది పిల్లలకు కూడికలు నేర్పడానికి కొమ్మన పాచికల ఆట పెట్టాడు. రెండు జట్లు, పందెం చింతపిక్కలు. సరదాకి తూము దగ్గరి పంపకమే పెట్టాడు. ఆరు సంఖ్యల జట్టు రోజూ ఓడేది. ఒకనాడు వాళ్ళు ఏడుపు మొహాలు పెడితే, "మీ రాత అలా ఉంది, నేనేం చెయ్యను?" అని నవ్వాడు.

రాజుగారి కూతురు మైలమ కూడా ఆ బడిలోనే చదువుకునేది. పన్నెండేళ్ళ పిల్ల, గడుసుది. "రాత కాదు గురువుగారూ, పంపకమే బాగాలేదు. పన్నెండు పడాలంటే రెండు పాచికలూ ఆరే చూపాలి, ఇంకో దారి లేదు. ఏడుకు ఎన్ని దారులో చూడండి!" అని నేల మీద చింతపిక్కలు పేర్చి చూపించింది.

కొమ్మన ఆ పిక్కల మీదికి వంగి ఒక్కొక్క దారీ లెక్కపెట్టాడు. అతడి కళ్ళకు కనబడింది పిక్కలు కావు, కండువా దులుపుకుంటున్న తిప్పన్న. తెల్లారితే మళ్ళీ తూము పందెం. ఈసారీ ఓడితే దిగువపాడులో మిగిలినవాళ్ళూ మూటాముల్లె సర్దుకోవలసిందే. పోనీ చెబుదామా అంటే, రాజు తప్పును రాజు మొహాన చెప్పి బతికినవాడు ఆ రాజ్యంలో లేడు.

ఇంతలో బడిలో పాచికలు ఆడిస్తున్నారని ఎవరో చెవిన వేస్తే, రాజే చిందులు తొక్కుతూ వచ్చాడు.

"ఏమోయ్ కొమ్మనా! బడి పెట్టమంటే జూదశాల పెట్టావా? ఇదీ చదువేనని రుజువు చెయ్యి. లేదా రేపటి నుంచి గుర్రపుశాల ఊడ్చుకో!"

"చిత్తం ప్రభూ. తమరే ఒక్క ఆట ఆడి చూడండి. పిల్లలకు ఐదు సంఖ్యలు, తమకు ఆరు."

"నాకే ఎక్కువా? పాపం, పసివాళ్ళు!" అంటూ రాజు ఠీవిగా కూర్చున్నాడు.

ఓడాడు. ఇంకొకటి అన్నాడు, ఓడాడు. ఒకటి గెలిచి తొడ చరిచాడు, మళ్ళీ వరసగా ఓడాడు. ముందున్న చింతపిక్కల కుప్ప కరిగిపోయింది.

"ఈ పాచికల్లో సీసం పోశారు!" అని అరిచాడు.

"అవి తూము పాచికలే ప్రభూ. పొద్దున తమ కొట్టు నుంచే తెప్పించాను."

"అయితే నా కాలం బాగాలేదు."

"కాలం తమది కాదు ప్రభూ, ఆ సంఖ్యలది. తూము దగ్గర తమరు పట్టేవి ఇవాళ పిల్లల చేతిలో ఉన్నాయి. దిగువపాడు పట్టేవి తమ చేతిలో ఉన్నాయి."

మైలమ తండ్రి పక్కన చేరింది. "ఒక పాచిక ఎర్రది, ఒకటి నల్లది అనుకోండి నాన్నగారూ. అవి పడడానికి మొత్తం ముప్పై ఆరు దారులు. అందులో ఇరవై నాలుగు మావి, పన్నెండే మీవి. సంఖ్యలు కాదు, దారులు లెక్కపెట్టాలి."

రాజు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. చివరికి పకపక నవ్వాడు. "ఓరి కొమ్మనా! నా తప్పు నాచేతే ఆడించి చూపించావు గదరా! ఈ ఏడాది పాచికలు లేకుండానే తొలినీళ్ళు దిగువపాడుకు వదలండి. ఇకమీదట ఎలాగమ్మా?"

"చెరొక పాచిక వేయండి. ఎక్కువ పడ్డవారికి నీళ్ళు. సమానమైతే మళ్ళీ వేయాలి," అంది మైలమ.

రాజు చేతి కడియం తీసి కొమ్మనకు ఇవ్వబోయాడు. అతడు అందుకోలేదు. "కడియం వద్దు ప్రభూ, ఒక గుర్రం ఇప్పించండి. ఒక మనిషిని వెతకాలి," అన్నాడు.

ఎక్కడెక్కడో తిరిగి, పొరుగు రాజ్యంలో ఎవరి చేలోనో కలుపు తీస్తున్న తిప్పన్నను పట్టుకున్నాడు. జరిగిందంతా చెప్పాడు. నీ తప్పేమీ లేదన్నాడు, తప్పంతా మాదేనన్నాడు, నన్ను క్షమించమన్నాడు, ఇంటికి రమ్మన్నాడు.

తిప్పన్న చేతి మట్టి దులుపుకున్నాడు. అతడి ముఖంలో కోపమైనా లేదు.

"వస్తానయ్యా. నీళ్ళొస్తే రాకేం? ఈ మాట మా అయ్య ఉండగా తెలిస్తే బాగుండేది. కళ్ళు మూసేదాకా, ఎవరికి ఏం అన్యాయం చేశామురా అని నన్ను అడుగుతూనే ఉన్నాడు."

ఎంతటి మాటకైనా ఎదురుమాట చెప్పే కొమ్మన, తిప్పన్న పక్కనే చేలోకి వంగి మిగిలిన కలుపు తీయసాగాడు.