జరగని కుర్చీలు

మనోహరాచారికి నిద్ర పట్టడం లేదు. ఆ మాట అతని భార్య మా ఇంటికి పాలకు వచ్చినప్పుడు చెప్పింది. మాకు చెప్పింది కాబట్టి ఊరందరికీ తెలుసు.

మాది విమానాలు దిగే దారి కింద ఉన్న ఊరు. నెత్తి మీది నుంచి ఒకటి పోతుంటే మాట మధ్యలో ఆపేస్తాం. అది పోయాక ఆపిన చోటి నుంచే అందుకుంటాం. తిట్లు కూడా అంతే.

చారి తాత నాగళ్ళు చెక్కాడు. తండ్రి తలుపులు చేశాడు. చారి మాత్రం పట్నంలో ఒక విమానాల కంపెనీలో, విమానం లోపల ఏ కుర్చీ ఎక్కడ ఉండాలో గీస్తాడు. కొడుకు ఇన్ని కుర్చీలు గీసి ఒక్కదానికీ చెయ్యి తగిలించలేదని తండ్రికి బాధ.

కంపెనీ కొత్త విమానాలు కొంటోంది. వాటిలో ముందు పడకలు, ఒక్కోదానికి ఒక తలుపు. వాటి వెనక కాస్త వెడల్పు సీట్లు. ఆ వెనక మిగతా జనం. ముందు పడకలు పెరగాలి, వెనక ఒక్క తల కూడా తగ్గకూడదు అన్నారు పైవాళ్ళు. విమానం పొడవు మాత్రం పెరగదు కదా. అందుకని చారి వెనక వరుసలను ఒకదాని మీదికి ఒకటి జరిపాడు. జరిపినకొద్దీ ముందు ఇంకో పడక పుట్టింది. ఆఫీసులో అందరూ భుజం తట్టారు. సోమవారం పొద్దున సంతకం పెట్టి పంపితే ఆ విభాగానికి అతనే పెద్ద. పంపకపోతే ఇంకెవడో పంపుతాడు, పెద్ద కూడా వాడే అవుతాడు.

ఆదివారం మధ్యాహ్నం చారి బుచ్చిదాసు గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన అచల గురువు. కదలనిదొక్కటే సత్యం, దాన్ని పట్టుకోమంటుంది ఆ మార్గం. ఆయన చెప్తారు, మేం తల ఊపుతాం, పొలానికి పోయి పక్కవాడి గట్టు జరుపుతాం. ఆయనకు అదంతా తెలుసు. అయినా చెప్తూనే ఉంటారు. ఏడాది కింద జారిపడ్డప్పటి నుంచి ఆయన కుడి మోకాలు వంగదు.

"నిద్ర పడ్తలేదు గురువుగారూ," అన్నాడు చారి. "నేను తప్పేం చేయలే. అన్నీ రూల్స్ ప్రకారమే ఉన్నయి."

"ఇంకేంది మరి?"

"వెనక కూసునేటోళ్ళు యాదికొస్తున్నరు."

"వాళ్ళ కుర్చీ వెనక్కి వాల్తదా?"

"వాలదు. అస్సలు కదలకుంట చేసినం."

"కదలదా?" బుచ్చిదాసు గారు కళ్ళు తెరిచి చూశారు. "అయితే నీ కుర్చీకి సిద్ధి దొరికింది బిడ్డా. నాకే ఇంకా దొరకలే."

చారికి నవ్వాలో వద్దో తెలియలేదు. నెత్తి మీద విమానం పోయింది. 

"ఇయ్యాల భజనకు జనాన్ని నువ్వే కూసోబెట్టు," అన్నారు గురువుగారు. "మీ విమానం తీరుగ. కొలత తప్పొద్దు."

చారిలో ప్రాణం లేచొచ్చింది. పని చూపించమంటే ఎవరికి ఉషారు రాదు? టెంటు హౌసు నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాడు. భజన జరిగే రేకుల షెడ్డులో ముందు సగం నులకమంచాలు వేసి, ఒక్కోదాని చుట్టూ తెరలా చీర కట్టాడు. వెనక సగంలో టేపు పట్టి కొలుస్తూ కుర్చీలు పేర్చాడు. వరుసకో వెదురు బొంగు పెట్టి కాళ్ళన్నీ దానికి బిగించి కట్టాడు, ఆ బొంగుల కొసలను గుంజలకు కట్టాడు.

"ఇదెందుకురా?" అని అడిగింది పూలమ్మే ఈరమ్మ.

"విమానంల కుర్చీలు జరగవు అత్తా."

మొదటి మంచం గురువుగారికని చారి అనుకున్నాడు. అతను వెనక్కి తిరిగేలోగా రేషన్ డీలర్ నర్సింలు దాని మీద వాలిపోయాడు. నర్సింలుకు భక్తి ఎక్కువ, కూర్చుంటే మాత్రం కళ్ళు నిలవవు. పక్క మంచం మీద సర్పంచ్ బామ్మర్ది దశరథం దిండు లేదా అని అడిగాడు. వెనక వరుసల్లో మేమంతా ఒకరి వీపుకు ఒకరం మోకాళ్ళు ఆనించుకుని ఇరుక్కున్నాం. ఈరమ్మ ఒక కుర్చీలో దిగింది కానీ, ఆవిడలో కొంత భాగం పక్క కుర్చీలోకి పోయింది.

"మనిషిని తోలుకొచ్చినవా, మడతపెట్టి పెట్టెల పెట్టినవా చారీ?" అంది.

"ఒక్క పూటే గదా, సర్దుకో అత్తా," అన్నాడు చారి. టేపు ఇంకా చేతిలోనే ఉంది.

అందరూ కూర్చున్నాక రావడం బుచ్చిదాసు గారి అలవాటు. ఆయన వచ్చేసరికి ఒక్క కుర్చీ మిగిలింది, చివరి వరుసలో, బాత్రూం తలుపు పక్కన. చారి మొహం పాలిపోయింది. ఆయన మాత్రం గోడ పట్టుకుంటూ వచ్చి ఎడమ కాలు లోపల పెట్టారు. కుడి కాలు పట్టలేదు.

"జర జరుగు బిడ్డా," అన్నారు ముందున్న సత్తయ్యతో.

మా షెడ్డులో ఆ మాటకు ఎప్పుడూ ఎదురు లేదు. చాప మీద ఎంతమంది ఉన్నా, జరుగు అంటే చోటు పుడుతుంది. సత్తయ్య రిటైరైన బస్సు కండక్టరు, బతుకంతా ఆ మాట జనం మీద అరిచినవాడు. పాపం, పళ్ళు బిగించి ముందుకు తోశాడు. బొంగు కిర్రుమంది. వరుస కదల్లేదు.

బుచ్చిదాసు గారు కాలు వెనక్కి తీసుకుని బాత్రూం తలుపు పక్కన నిలబడ్డారు.

చారి నర్సింలును లేపడానికి పరుగెత్తాడు.

"లేపకు," అన్నారు గురువుగారు. "టికెట్ కొనుక్కున్నడు."

చారి వంగి తాడు ముడి విప్పబోయాడు.

"ఇప్పుడెట్ల? విమానం లేచింది. పాట ఎత్తుకోండ్రి."

ఎత్తుకున్నాం. చిడతలు కొట్టడానికి మోచేతులు లేవలేదు. ముందు నుంచి నర్సింలు గురక మాత్రం తాళం తప్పకుండా వచ్చింది. గురువుగారు గోడకు చెయ్యి ఆనించి నిలబడే పాడారు. కొంతసేపటికి బరువంతా ఎడమ కాలి మీదికి మార్చుకున్నారు. మాలో ఒకరిద్దరం లేవబోయాం కానీ, వరుస మొత్తం లేస్తే తప్ప ఒకరు లేచే వీలు చారి ఉంచలేదు.

మధ్యలో దశరథం తెర తీసుకుని, కళ్ళు నులుముకుంటూ బాత్రూంకు వచ్చాడు.

"జర జరుగు దాసుగారూ," అన్నాడు.

గురువుగారు జరిగారు. ఆ సాయంత్రం ఆ షెడ్డులో జరిగింది ఆయన ఒక్కరే.

చారి చూశాడు. టేపు కింద పెట్టి, చేతులు రెండూ జోడించి ఆయన దగ్గరికి వచ్చాడు.

"గురువుగారూ, మీరు కూసోండి. దండం పెడ్త."

ఆయన షెడ్డంతా ఒకసారి చూశారు. ఆ చూపులో కోపం లేదు. అలసట ఉంది.

"ఎక్కడ, బిడ్డా?"

చారి వాకిట్లోకి వెళ్ళి ఫోన్ చేశాడు. మేం పాట తగ్గించాం. భక్తితో కాదు, వినపడాలని.

"సార్, రేపు అది పంపడం లేదు," అంటున్నాడు. "కాదు సార్, లెక్క సరిగ్గానే వచ్చింది. ఒకాయన ఇంకా నిలబడే ఉన్నాడు."