సగం వాక్యాల తరగతి

కొండల కింద చింతలగెడ్డ అనే ఊళ్లో భానోజీరావు అనే ఇంగ్లీషు మాస్టారు ఉండేవాడు. మనిషి కష్టజీవే గాని, పిల్లలంతా కలిసి అరిస్తే అందరికీ పాఠం వచ్చేసినట్టే అని నమ్మేవాడు.

ఆయన పాఠం చెప్పే పద్ధతి అలాంటిది. వాక్యం తనే మొదలుపెట్టి, చివరి మాట దగ్గర రాగం తీసి ఆగేవాడు. ఆ చివరి మాటను పిల్లలు గొంతు చించుకుని అందించేవారు. "అర్థమైందా?" అంటే, "అయింది సార్!" అని పైకప్పు పెంకులు ఎగిరేలా జవాబు వచ్చేది. మాస్టారి ఛాతీ ఉప్పొంగేది. పక్క గదిలో లెక్కల మాస్టారు విసుక్కుంటూ తలుపు వేసుకునేవాడు.

పరీక్ష పెడితే మాత్రం సగం మంది తెల్లకాగితాలు ఇచ్చేవారు. "తరగతిలో నోళ్లు బాగానే లేస్తాయి, రాయడానికే బద్ధకం" అని మాస్టారు మండిపడేవాడు. ఎక్కువ చీవాట్లు తినేది జమున. కొండమీది గూడెం నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతున్న పిల్ల. తరగతిలో అందరికంటే పెద్ద గొంతు ఆమెదే. అందరికంటే తక్కువ మార్కులూ ఆమెవే.

అలా ఏళ్ల తరబడి అరిచి, అరిపించి, ఒకనాడు మాస్టారి గొంతు పూర్తిగా పోయింది. పార్వతీపురంలో డాక్టరు చూసి, "నెల దాకా ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు" అన్నాడు. సెలవు పెట్టమని హెడ్మాస్టరు చెప్పాడు. మాస్టారు తల అడ్డంగా ఊపాడు. పబ్లిక్ పరీక్షల ముందు పిల్లల్ని వదిలేసి ఇంట్లో కూర్చునే మనిషి కాడు. మర్నాడే సుద్దముక్క పట్టుకుని తరగతికి వెళ్లాడు.

బోర్డు మీద బస్టాండు బొమ్మ గీశాడు. బస్సును చూపించి, చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని ఆయన వంకే చూశారు. మొదటి సగం ఇస్తే కదా, రెండో సగం అందుకోవడానికి! అంతలో పోస్టుమాస్టరు గారి అబ్బాయి ఉదయభాస్కర్ "బస్!" అన్నాడు. వెంటనే తరగతంతా "బస్!" అని అరిచింది. గొడుగు చూపిస్తే ముందు ఉదయ్ "అంబ్రెల్లా" అన్నాడు, తర్వాత అందరూ అన్నారు. తను నోరు మూసుకున్నాడు కాబట్టి మాస్టారికి ఆ రోజు సంగతి వినబడింది. ముందు ఒకే ఒక్క గొంతు. మిగతావన్నీ దాని వెనకే.

ఉదయ్‌ని ఆగమని సైగ చేసి జమునను లేపాడు. ఆమె పెదవి విప్పలేదు. మాస్టారు బోర్డు మీద తెలుగులో రాశాడు: "రోజూ అంత గట్టిగా చెబుతావుగా?"

జమున తల దించుకుంది. "ఆల్లు అన్నాక నానూ అంతాను సార్. ముందుగా అనడం నాకు రాదు." మళ్లీ అంది, "పరీచ్చ తప్పితే మా నాన్న సదువు మాన్పించేత్తానన్నాడు. రాదని ఎవులికీ తెలీకూడదనే గట్టిగా అరుత్తాను సార్."

మాస్టారికి సిగ్గేసింది. ఇన్నేళ్లూ తను మురిసిపోయిన ఆ అరుపుల్లో ఎంతమంది పిల్లలు ఇలా దాక్కున్నారో! అక్కడికక్కడే పట్టుదల పట్టాడు. పరీక్షల లోగా ఈ తరగతిలో ప్రతి ఒక్కరూ తమంతట తామే ఒక నిండు వాక్యం చెప్పాలి.

మర్నాటి నుంచి కొత్త పద్ధతి మొదలైంది. బొమ్మ గీసి, పిడికిలి బిగించి పైకెత్తేవాడు. పిడికిలి మూసి ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. మనసులో వాక్యం కూర్చుకోవాలి. తర్వాత ఆయన వేలు ఎవరివైపు తిరిగితే వాళ్లే చెప్పాలి. బొమ్మ అందరికీ ఒకటే, పనే వేరు. అంతగా రానివాళ్లకు చిన్న వాక్యం చాలు. కొంచెం వచ్చినవాళ్లు ఇంకో వాక్యం కలిపి కారణం చెప్పాలి. బాగా వచ్చినవాళ్లు ప్రశ్న అడగాలి.

ఉదయ్‌కి ఒళ్లు మండింది. "నాకు తెలిసింది చెప్పడానికి వీళ్ల కోసం నేనెందుకు ఆగాలి సార్?" అన్నాడు.

మాస్టారు కోప్పడలేదు. "సరే, ఆగకు. ఈ బొమ్మ గురించి జమునను ఓ ప్రశ్న అడుగు" అని బోర్డు మీద రాశాడు.

ఉదయ్ దర్జాగా లేచాడు. "వేర్..." అన్నాడు. "ది బస్..." అన్నాడు. అక్కడితో బండి ఆగిపోయింది. పాపం, వాడికి వచ్చినవన్నీ చివరి మాటలే. చెవులు ఎర్రబడ్డాయి. ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు చప్పున పిడికిలి ఎత్తి, ఉదయ్‌కి కూడా ఆలోచించుకునే వ్యవధి ఇచ్చాడు. ఆ తర్వాత వాడు మరి గొణగలేదు.

పని తేలిగ్గా సాగలేదు. కొన్నిసార్లు గంట కొట్టేదాకా నలుగురైదుగురే మాట్లాడేవారు. "మీ తరగతిలో చప్పుడే లేదేం?" అని హెడ్మాస్టరు అడిగితే మాస్టారు నవ్వి ఊరుకునేవాడు. నెల గడిచి గొంతు వచ్చింది. పాత అలవాటు కొద్దీ వాక్యం మొదలుపెట్టబోయి నాలిక కరుచుకునేవాడు గాని, పద్ధతి మాత్రం మార్చలేదు.

పరీక్షలు దగ్గర పడుతుండగా, మాస్టారు బోర్డు మీద సంత బొమ్మ గీసిన ఒకనాడు, జమున తండ్రి గంగులు వచ్చి తరగతి గుమ్మంలో నిలబడ్డాడు.

"పిల్లని తీసుకుపోదారని వచ్చినాను బాబూ. తప్పిపోయే పరీచ్చకి ఇంకా కూకోడం ఎందుకు? జీడితోటలో పని దొరికింది" అన్నాడు.

జమున ముఖం పాలిపోయింది. మాస్టారికి గంగులును బతిమాలాలనిపించింది. ఆమె తరఫున తనే మాట్లాడేయాలనిపించింది. నోటిదాకా వచ్చిన మాటల్ని మింగేసి, పిడికిలి ఎత్తాడు. తర్వాత జమున వైపు వేలు చూపాడు.

జమున లేచి నిలబడింది. చాలాసేపు ఏమీ అనలేదు. ఉదయ్ నాలిక చివర మాటలు ఆడుతున్నాయి గాని వాడూ కదల్లేదు. చివరికి జమున ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఒక్కో మాటా వెతుక్కుంటూ, తప్పు పోతే దిద్దుకుంటూ, చివరిదాకా చెప్పింది. ఉదయ్ లేచి ఇంగ్లీషులోనే ఒక ప్రశ్న అడిగాడు. దానికీ జవాబు చెప్పింది.

గంగులుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏటంతంది బాబూ?" అని ఉదయ్‌ని అడిగాడు.

"మీ గురించేనండి," అన్నాడు ఉదయ్. "మా నాన్న కొండ మీంచి చింతపండు మోసుకొస్తాడు, సంతలో ఆయన నోరు తెరిచేలోగా షావుకారే ధర చెప్పేస్తాడు, అంది. నువ్వెళితే ఏం చేస్తావని నేనడిగాను. 'ధర ముందు నేను చెబుతాను' అంది."

గంగులు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఎంతకీ తుడుచుకోవడం అవలేదు. "తోటకాడ మా పిల్ల రాదని సెప్పేత్తాను బాబూ" అని, కూతురి వైపు తిరిగి, "నువ్వు కూకో అమ్మా" అన్నాడు.

ఆ ఏడు జమున పాసయింది. మార్కులు మరీ గొప్పవేం కావు గాని, ప్రతి ఒక్కటీ ఆమె సొంతం.

అందరూ కలిసి అరిచినంత మాత్రాన అందరికీ చదువు వచ్చినట్టు కాదు; వెనకబడిన పిల్ల తనంతట తాను నోరు తెరిచేదాకా ఓపిక పట్టిన గురువే అందరికీ చదువు చెప్పగలడు.