తలంటునీళ్లకు జెండా

ఉత్తరాన, సముద్రం కూడా చలికి గడ్డకట్టే చోట, ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే తుహినకేతుడికి జెండాలంటే మహా మోజు. చలికాలం రాగానే భటులను పంపి, గడ్డకట్టిన సముద్రం మీద కనుచూపు మేరా జెండాలు నాటించేవాడు.

"జెండా నాటిన మంచు నాది. అది కరిగితే వచ్చే నీళ్లూ నావే!" అని శాసనం చేశాడు.

కరిగినప్పటి మాట కదా అని జనం నవ్వుకునేవారు.

ఒక వేసవిలో నిజంగానే కరిగింది. పొరుగురాజు ధవళసేనుడి దేశానికి దగ్గరి దారి తెరుచుకుంది. అక్కడ ఆ ఏడు కరువు. ధాన్యపు ఓడలు ఆ దారిన బయలుదేరితే, తుహినకేతుడు తన కోట ముందరే వాటిని ఆపించేశాడు.

"మహారాజా, సముద్రం అందరిదీ. మళ్లీ గడ్డకట్టేలోగా ఓడలు దాటకపోతే మా పిల్లలు పస్తులుంటారు," అని పొరుగు రాయబారి మొరపెట్టుకున్నాడు.

"సముద్రమా? అది కరిగిన నా మంచయ్యా! ఉండు, తలంటి పోసుకొచ్చి యుద్ధభేరి మోగిస్తాను!"

మంత్రులు చప్పట్లు కొట్టారు. విదూషకుడు గవరయ్య మాత్రం కొట్టలేదు. అతను కూతుర్ని ఇచ్చింది ఆ కరువుదేశానికే.

రాజు తలంటుకునేటప్పుడు పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం గవరయ్య కొలువు. గంగాళంలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. చల్లార్చడానికి సేవకుడు ఎప్పటిలాగే మంచుగడ్డ తెచ్చాడు. గవరయ్య చీపురుపుల్లకు తలపాగా పీలిక కట్టి, గడ్డ బీటలో గుచ్చాడు. గడ్డ నీళ్లలో పడి కరిగిపోయింది. పీలిక పైన తేలింది.

ఈలోగా రాజు నెత్తిన కుంకుడు పులుసు పోసి పామారు. నురుగు కళ్లలోకి దిగింది.

"మంట! మంట! నీళ్లు పొయ్యండ్రా!"

సేవకుడు చెంబు ముంచబోయాడు. గవరయ్య చేతులు అడ్డం పెట్టాడు. "ఆగు! నా నీళ్లు ముట్టుకుంటే యుద్ధమే!"

"నీ నీళ్లేమిట్రా?"

"మంచుగడ్డ మీద నా జెండా నాటాను ప్రభూ. అది కరిగిన నీళ్లివి. తమరి శాసనమే కదా!"

"గడ్డ ఎప్పుడో కరిగిపోయుంటుంది!"

"కరిగింది. జెండా మాత్రం తేలుతోంది. చూస్తారా?"

"కళ్లు తెరిస్తే కదరా చూడటానికి! పిడికెడు గడ్డకి గంగాళమంతా నీదైపోతుందా?"

"తమరి జెండాలెన్ని ప్రభూ? సముద్రమెంత?"

రాజు గచ్చు మీద గెంతసాగాడు. తడి పంచె, నూనె ఒళ్లు, నెత్తిన నురుగు కిరీటం. "ఓరి నీ జెండా తగలెయ్యా! కరిగాక నీళ్లు నీళ్లేరా! ఎవడికి అవసరమైతే వాడు ముంచుకోవాలి!"

గవరయ్య గబుక్కున కిటికీలోంచి తల బయటపెట్టి, భేరి దగ్గర నిలబడ్డవాడికి కేకవేశాడు. "విన్నావా నాయనా? మహారాజుగారి కొత్త శాసనం! కరిగాక నీళ్లు నీళ్లే, ఎవరికి అవసరమైతే వారు వాడుకోవచ్చు! గట్టిగా చాటు, ఓడలవాళ్లకు వినబడాలి!"

భేరి ధణధణ మోగింది. ఓడల మీద తెరచాపలు లేచాయి. అప్పుడు గవరయ్య తనే చెంబు ముంచి రాజు నెత్తిన పోశాడు.

రాజు కళ్లు తెరిచి, తేలుతున్న పీలికను చూశాడు. కోపంగా నోరు తెరిచాడు గాని, బయటికొచ్చింది నవ్వు. నవ్వి నవ్వి గచ్చు మీద చతికిలబడ్డాడు. ముత్యాలహారం తెప్పించి గవరయ్య మెడలో వేశాడు.

"ఈ గంగాళం కూడా మోసుకుపో. నీ రాజ్యమేగా!"

సముద్రం మళ్లీ గడ్డకట్టేలోగా ధవళసేనుడి దగ్గర్నుంచి కానుకగా ఒక బస్తా వచ్చింది. తుహినకేతుడు విప్పి చూసి మళ్లీ పడీపడీ నవ్వాడు.

బస్తా నిండా కుంకుడుకాయలు!