ఎర్రగా పండాలనుకున్న నాలుక

అనగనగా ఒక ఊళ్ళో, ఉన్నచోట కుదురుగా ఉండలేని నూకాలు అనే పిల్ల ఉండేది. నువ్వు కాళ్ళాడించకు మరి, కథ బెదిరి పారిపోతుంది.

నూకాలుకి ఎవర్నో ఒకర్ని ఆటపట్టించందే పొద్దుపోదు. అందుకే ఊళ్ళో ఏ పెళ్ళయినా, భోజనాల బంతి దగ్గర మగపెళ్ళివాళ్ళని వెక్కిరించే పాట తనే ఎత్తుకునేది. ఈసారి పెళ్ళి తన స్నేహితురాలు పైడమ్మది. "నువ్వు పాడకపోతే మా అత్తగారే గెలుస్తుందే," అంది పైడమ్మ.

అప్పుడు ఆడపిల్లలంతా ఆకూవక్కా వేసుకున్నారు. ఎవరి నాలుక ఎర్రగా పండితే వాళ్ళకి మంచి మొగుడట. పైడమ్మ నాలుక దానిమ్మగింజలా పండింది. నూకాలుది వెలిసిన రవికలా ఉంది. అప్పుడు ఇంటికెళ్ళి, ఎవరూ చూడకుండా, ఆకుకి ఇంకాస్త సున్నం రాసి నమిలింది. ఆ తర్వాత మరికాస్త.

తెల్లారేసరికి నాలుక మీద పుళ్ళు. మెతుకు తగిలితే మంట, మాటాడితే మంట. వీధిలోకెళ్తుంది, లోపలికొస్తుంది, అద్దంలో నాలుక చూసుకుంటుంది, మళ్ళీ వీధిలోకి.

పెద్దమ్మ చూసి, "వేడి చేసిందే," అని మజ్జిగ పోసింది. హాయిగానే ఉంది. కానీ నూకాలు నాలుక ఇంకా పండలేదుగా. ఆ తర్వాత మళ్ళీ ఆకు నమిలింది.

మేనత్త చూసి, "ఆ నోటికి కాక ఇంకెవరి నోటికి తగుల్తుంది దిష్టి," అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసింది. ఇంటిల్లిపాదీ దగ్గారు. ఆ తర్వాత మళ్ళీ ఆకు నమిలింది.

అప్పుడు మామ్మ నాలుక చాపమంది. "ఏం తిన్నావే?"

"అన్నం."

"ఇంకా?"

"పప్పు."

"పప్పు తింటే ఇలా పొక్కదే, తల్లీ."

నూకాలు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మారింది. చెప్తే, మొగుడి కోసం సున్నం తిన్నదని ఊరంతా నవ్వుతుంది. చెప్పకపోతే పైడమ్మ పెళ్ళిలో పాటే ఉండదు.

"సున్నం," అంది చివరికి గోడవైపు తిరిగి. "మంచి మొగుడు రావాలని."

మామ్మ నవ్వలేదు. కొంగు మాత్రం నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముందు ఆకు మానెయ్. కారం, పులుపు, పొగలు కక్కేవి ముట్టుకోకు," అంది. ఉప్పునీళ్ళు పుక్కిలించమంది, పెరుగన్నం చల్లగా పెట్టింది, పుండు మీద నెయ్యి రాసింది. "అప్పటికీ మానకపోతే డాక్టరుగారి దగ్గరికే. మానని పుండుని ఇంట్లో దాచుకోకూడదు."

పెళ్ళినాటికి మంట దిగింది. కానీ సంగతి మేనత్తకి తెలిసింది, ఆ తర్వాత అందరికీ తెలిసింది. బంతిలో నూకాలు గొంతు సవరించుకునేలోపే పైడమ్మ అత్తగారు పాట ఎత్తుకుంది.

"సున్నం తిన్న చిన్నదానా, మొగుడు దొరికాడా?"

బంతంతా గొల్లుమంది. పైడమ్మ మొహం పాలిపోయింది. నూకాలు కూడా నవ్వి, తాపీగా అందుకుంది.

"ఉన్న ఒక్క మంచివాడూ పైడికి చిక్కాడే."

కన్నకొడుకు మంచివాడు కాదని ఏ తల్లి పాడుతుంది? అత్తగారు పాట వదిలేసి పప్పు కలుపుకుంది.

కథ కంచికి నడిచింది,
మన ఇల్లు మనని పిలిచింది,
నీ కన్నేమో రెప్ప మూసింది.