తెర వెనక పంతులు

గుమ్మడివాడ రాజుగారికి ఓ పొద్దున తిక్క రేగింది. "పైడయ్య చేసిన వీణను ఇవాళైనా మన గరుడాచలం పంతులు మెచ్చాలి. లేదంటే వాడి పనిశాలకి తాళం!"

పైడయ్య అంటే ఒకే పనస మొద్దులోంచి వీణంతా తొలిచే మనిషి. పంతులేమో ఆస్థాన విద్వాంసుడు. అబ్బో, ఆయన బడాయి ఏం చెప్పమంటారు! తుమ్మినా శ్రుతిలోనే తుమ్మాననేవాడు. వీణ కుండను వేలితో టకటకా కొట్టి, కళ్లు మూసుకుని, "పచ్చి చెక్క!" అనేసేవాడు. అంతే, వీణ అటకెక్కేది.

అసలు సంగతి వేరు. వీణ కొసన యాళి, అదే గుళ్లో స్తంభాల మీది సింహం, దాని ముఖం చెక్కడం ఆనవాయితీ కదా? దాని బదులు తన ముఖం చెక్కమన్నాడు పంతులు.

"యాళిని చూస్తే దణ్ణం పెడతారండీ. మిమ్మల్ని చూస్తే నవ్వుతారు" అన్నాడు పైడయ్య.

ఆనాటి నుంచి ఆ పనిశాలలో చెక్కంతా పచ్చిదే!

ఇదంతా ఎరిగినవాడు కొలువులో ఉండే బుచ్చెన్న. చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, అంత గొప్ప చెవులుండగా పంతులుగారికి కళ్లెందుకు దండగ? తెర కట్టిద్దాం. ఇవతల నుంచి తమరే కొట్టండి."

పంతులు ఉత్తరీయం సర్దుకున్నాడు. "తెరేం ఖర్మ, గోడ కట్టించు! ఆ చెట్టు పుట్టిన ఊరు కూడా చెబుతా."

తెర పడింది. బుచ్చెన్న పైడయ్య చేతిలోని వీణను తీసి పక్కన పెట్టేసి, రాజుగారి చెవిలో ఏదో ఊదాడు. ఆయన నవ్వాపుకుంటూ కూర్చున్నచోటే వేలు మడిచి టకటకలాడించారు.

"ఛీ! పైడయ్య పనే!" అన్నాడు తెర వెనక నుంచి పంతులు. "లోపలంతా చెద. పొయ్యిలో పెట్టించండి!"

"బాగా విని చెప్పండి పంతులుగారూ" అన్నాడు బుచ్చెన్న.

"వినేదేముంది? చేసినవాడికీ, దీన్ని దగ్గర పెట్టుకున్నవాడికీ, ఇద్దరికీ బుద్ధి లేదు!"

బుచ్చెన్న తెర లాగేశాడు. రాజుగారి వేలింకా సింహాసనం చేతి మీదే ఉంది.

"లేవండి ప్రభూ! వంటవాళ్లు పొయ్యి రాజేసుకుని కూర్చున్నారు" అన్నాడు బుచ్చెన్న.

సభంతా గొల్లుమంది. రాజుగారు కళ్లు తుడుచుకుని, "తాళం మాట ఎత్తితే ఒట్టు! ఆ వీణ రాణివాసానికి పంపండి. బుచ్చెన్నా, నీకేం కావాలో కోరుకో" అన్నారు.

"పాపం, పంతులుగారి ముచ్చట తీర్చండి ప్రభూ. ఆయన ముఖం చెక్కించండి. వీణకి కాదు, వంటింటి పప్పుగుత్తికి."

రాజుగారు చేతి కడియం తీసి బుచ్చెన్న మీదికి విసిరి, పైడయ్య వైపు తిరిగారు.

"ఉలి తెచ్చావుటోయ్?"